చచ్చి లేచినవారు

చచ్చినవానిని లేపవలెనను కోరిక ఎంత పాతదో, లేచినవానిని చూచి పారిపోవలెనను భయమును అంత పాతదే. మన పెద్దలు మొదటిదానినే ఎక్కువగా తలపోసిరి. సావిత్రి యముని వెంట నడచి మాటనేర్పుతో మగని మరల్చుకొన్నది. కచుని దైత్యులు చంపగా చంపగా శుక్రాచార్యుడు బ్రతికించెను. కడపటిసారి ఆ శిష్యుడు గురువు కడుపు చీల్చుకొని వెలువడి, పిదప ఆ గురువునే బ్రతికించెను. ఇంతటి భయానకము ఏ చలనచిత్ర దర్శకునకును తోచినట్లు లేదు. అయినను ఆ కథలలో లేచినవాడు నిద్ర మేల్కొన్నవానివలె లేచును. వానిని చూచి ఇరుగుపొరుగువారు తలుపులు బిగించుకొన్నట్లు మేము ఎక్కడను చదువలేదు.

నేటి చలనచిత్రములలో తలుపులు బిగించుకొనుటయే కథ. 2015లో ఆంగ్లమున వచ్చిన ‘ది లాజరస్ ఎఫెక్ట్’ అను చిత్రమున పరిశోధకులు ఒక రసాయనముతో మొదట చచ్చిన కుక్కను, పిదప ప్రయోగశాలలో విద్యుత్తు తగిలి మరణించిన తమ తోడి పరిశోధకురాలిని లేపుదురు. లేచిన ఆమెలో పాత మనిషి మిగులదు. తెలుగున 2021 ఫిబ్రవరి 5వ తేదీన ప్రశాంత్ వర్మ తీసిన ‘జాంబీ రెడ్డి’ విడుదలయినది. కథాస్థలము కర్నూలు సీమ. కరోనాకు మందు కనుగొను ప్రయత్నము వికటించి మనుష్యులు నడచు శవములై ఒకరినొకరు కరచుకొందురు. మా బడి పిల్లలు దీనిని సెల్‌ఫోనులలో ఎన్నిమారులు చూచిరో వారికే తెలియదు. మేమును చూచితిమి, నవ్వితిమి. ముఠాకక్షలతో బ్రతికియుండగనే ఒకరినొకరు నరుకుకొనువారికి చచ్చి కరచుట యొక లెక్కా యను చమత్కారము దానిలో నున్నది.

మాకు నచ్చనిది వేరొకటి. ఇట్టి చిత్రములన్నిటను తప్పు విద్యది. పంచతంత్రమున సింహపుటెముకలకు ప్రాణము పోసిన బ్రాహ్మణుల కథను సాక్ష్యముగా తెచ్చువారు కలరు. ఒకడెముకలు కూర్చెను, ఒకడు మాంసచర్మములు కల్పించెను, మూడవవాడు ప్రాణము పోసెను. చదువురాని నాలుగవవాడు చెట్టెక్కి బ్రతికెను. కాని ఆ కథ విద్యను దూషింపలేదు. అది సింహమని నాలుగవవాడు ముందే చెప్పెను, మిగిలినవారు వినలేదు, అంతియే. 1818లో ఇంగ్లండున మేరీ షెల్లీ ప్రకటించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలోనైనను ప్రాణము వచ్చిన జీవి మొదట ఎవరికిని కీడు తలపెట్టలేదు. చేసినవాడే దానిని చూచి జడిసి పారిపోయెను. కీడంతయు ఆ పారిపోవుటనుండి పుట్టినది.

‘జాంబీ రెడ్డి’ విడుదలకు పండ్రెండు దినములు ముందు, 2021 జనవరి 24వ తేదీన, నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో జరిగినది చదువరులు మరచియుండరు. కలియుగము ముగిసి సత్యయుగము రాగానే లేచివత్తురను నమ్మకముతో తల్లిదండ్రులే తమ యిద్దరు కుమార్తెలను చంపిరని పోలీసులు చెప్పిరి. ఆ దంపతులు పెద్ద చదువులు చదివినవారు, పిల్లలకు చదువు చెప్పినవారు. పిదప వారిని మానసిక చికిత్సాలయమునకు పంపిరి. మతి చలించుట రోగము. అది ఎవరికైనను రావచ్చును, వారిని నిందించుటకు మాకు నోరు రాదు. కాని రోగి భ్రమకు కావలసిన నూలు చుట్టునున్న లోకము వడకుచున్నది. ఆ వారము ఉపాధ్యాయుల గదిలో మేమెవ్వరమును ఒకరి ముఖమొకరము చూచుకొనలేకపోతిమి.

మా మనూరు సంగతికి వత్తుము. ఇది నారాయణఖేడు ప్రాంతము, మంజీర దాపు, నల్లరేగడి నేల. కర్ణాటకము కూతవేటు దూరము. సంతలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినబడును. పత్తి, కంది చేలలో పాములకు కొదువ లేదు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటు మృతులు ఏటికి సగటున 58 వేలని 2020లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పినది. ఎక్కువ నష్టపడిన రాష్ట్రములలో తెలుగునేల యొకటి.

వీనిలో కట్లపాము రీతి వింతయైనది. రాత్రి నేలపై పండుకొన్నవానిని కరచును. నొప్పి తెలియదు, గాటు కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి యని లేచును, కనురెప్పలు వాలును, మాట ముద్దగట్టును, కొన్ని గంటలలో చేయి కాలు కదలవు. విషము నరముల ఆజ్ఞను కండరములకు చేరనీయదు. ఊపిరి తీయు కండరములును నిలుచును. గుండె మాత్రము కొట్టుకొనుచుండును, తెలివియు ఉండవచ్చును! ఆ సమయమున ఎవరైన వానికై ఊపిరి పోసినచో, గుఱ్ఱపు రక్తమునుండి తీసిన విరుగుడు మందుతో, యంత్రపు శ్వాసతో, కొన్ని దినములకు విషబంధము వీడి మనిషి లేచును. శుక్రుని విద్యకు నేడు మిగిలిన రూపమిదియే యని మా అభిప్రాయము.

మా బడిలో ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఒకడు ఇట్లే లేచెను. మొదట వానిని పొరుగూరి మంత్రగాని యొద్దకు తీసికొనిపోయిరి. ఆ మంత్రము ఏ భాషయో మాకు తెలియరాలేదు. సంస్కృతము మాత్రము కాదు. రెండు గంటలు గడచిన పిమ్మట, రెప్ప ఎత్తకుండుట చూచి, ప్రాణము పోయినదని ఇంటికి తెచ్చి పండుకొనబెట్టిరి. నాయనమ్మ శోకము అందుకొన్నది. కట్టెల మాట వచ్చినది. చెల్లెలి బడి పుస్తకములో చదివిన ముక్క యొకటి జ్ఞప్తికి వచ్చి మేనమామ ఛాతీపై చెవి పెట్టి వినెను. 108 బండి వచ్చినది. దారిపొడుగునను అందులోనివారు సంచి నొక్కుచు ఊపిరి పోసిరి. తొమ్మిది దినములకు వాడు ఆసుపత్రినుండి నడచి వచ్చెను.

బడికి వచ్చిననాడు వాని బల్లపై ఎవ్వరును కూర్చుండలేదు. “జాంబీ” యని వెనుక వరుసలో ఎవరో అనిరి. మధ్యాహ్నమునకు అదే వాని పేరయినది. ఒక తల్లి వచ్చి తన బిడ్డను వేరు గదిలో కూర్చుండబెట్టుమనెను. శాంతి చేయించి పంపుట మేలని మాతోడి ఉపాధ్యాయుడొకరు మెల్లగా చెప్పిరి. వారు చెప్పునది భౌతికశాస్త్రము.

పాఠము ఆపి మేము వానినే అడిగితిమి: ఆ యుదయమున నీకేమి తెలిసినది?

వాడు లేచి నిలిచి, నేల చూచుచు, “నాకు అన్నీ ఇనవడ్డయి సార్” అనెను. “కట్టెలెన్ని గావాలెనని పెద్దనాయిన అడిగిండు. నేనున్నా అని చెప్దామంటే నాలుక లేవలే. కన్ను తెర్వరాలే. మస్తు జూసిన సార్.”

గది నిశ్శబ్దమయినది. మేమును కొంతసేపు మాటాడలేకపోతిమి. బ్రతికియుండి తన చావును వినుట! ఏ చిత్రములోని రసాయనమును ఇంత భయము పుట్టింపలేదు.

ఇంకేమి వింటివని ముందు వరుస పిల్ల యొకతె అడిగెను. వాడు తలయెత్తి వెనుక వరుసవైపు చూచి, “వీడు నా బ్యాటు తనకియ్యిమని మా చెల్లెనడిగిండు” అనెను. ఆ వెనుక వరుసవాడు ముఖము పుస్తకములో దాచుకొనెను. మొదట పిల్లలు నవ్విరి, పిదప పాముకాటు పొందినవాడును నవ్వెను. నాటినుండి “జాంబీ” యను మాట మాకు వినబడలేదు. మరుసటి వారమున వారిద్దరు ఒకే బల్లపై నుండిరి.

మంత్రగాడు మాత్రము మరువలేదు. తన మంత్రము ఆలస్యముగా పారినదని చెప్పి కొబ్బరికాయయు, నూటపదహార్లును పుచ్చుకొని పోయెను. తండ్రి కాదనలేదు. అదే వారము సంతలో ఆయన యొక మంచమును, ఒక దోమతెరను కొనెను. తెర అంచులు పరుపు క్రిందికి దోపవలెనని ఆసుపత్రిలో చెప్పిరట. నాయనమ్మ ఇప్పటికిని రాత్రి రెండుమారులు లేచి, ఆ అంచులు తడవి చూచి పండుకొనుచున్నది.