పిల్లలకి ఎక్స్‌పోజర్ వస్తుందటండీ!

కుటుంబంతో సహా ఆన్‌సైట్‌కి బయలుదేరే ప్రతివాళ్ళూ ఒక మాట అంటుంటారు, గమనించారా? "డబ్బు సంగతి అలా ఉంచండి, పిల్లలకి మంచి ఎక్స్‌పోజర్ వస్తుంది" అని. చిన్నప్పుడే నాలుగు దేశాలు తిరిగితే పరాయి సంస్కృతుల మీద ప్రేమ దానంతటదే పుట్టుకొస్తుందని మన నమ్మకం. నా మటుకు నాకు ఇందులో సగమే నిజమనిపిస్తుంది. మిగతా సగం ఏమిటో చెప్పాలంటే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళ సంగతి చెప్పాలి. ఇద్దరూ మన దేశంలో పుట్టినవాళ్ళే.

మొదటాయన మనందరికీ తెలిసిన సి.పి. బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, పైగా పండితుడు. కొడుక్కి హీబ్రూ, అరబిక్, పర్షియన్, హిందుస్తానీ ఇంట్లోనే నేర్పించాడు. ఇక్కడొక విషయం చూడండి. ఆ ఇంట్లో హిందుస్తానీ అంటే నౌకర్లని కేకెయ్యడానికి వాడుకునే నాలుగు ముక్కలు కాదు. హీబ్రూతో పాటు కూర్చోబెట్టి నేర్పే చదువు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోయింది. 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగేనాటికి బ్రౌనుకి తెలుగు రాదు. కానీ పరాయి భాష ముందు శిష్యుడిలా కూర్చోవడం మాత్రం బాగా వచ్చు.

1820లో కడప వచ్చాడు. తర్వాత అక్కడే బంగళా కొని, పండితుల్ని పెట్టుకుని, సొంత జేబులోంచి జీతాలిచ్చి, తాళపత్రాలు వెతికించి, పాఠాలు పోల్చి చూసి, శుద్ధప్రతులు రాయించాడు. అప్పులు కూడా చేశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుని మనం ఇవాళ్టికీ ఆన్‌లైన్‌లో తిరగేస్తున్నాం. ఆయనా తెల్లదొరే, తిన్నది కంపెనీ జీతమే, ఆయన అభిప్రాయాలన్నీ మనకి నచ్చాలనీ లేదు. అయినా తెలుగు ముందు మాత్రం దొరలా నిలబడలేదు.

రెండో ఆయన రుడ్‌యార్డ్ కిప్లింగ్. 1865లో బొంబాయిలో పుట్టాడు. ఆయాతోనూ, నౌకర్లతోనూ ఎంతగా కలిసిపోయాడంటే, అమ్మానాన్నల దగ్గరికి పంపేటప్పుడు "ఇంగ్లీషులో మాట్లాడు బాబూ" అని వాళ్ళే గుర్తు చెయ్యాల్సి వచ్చేదట. 1871లో చదువుకోసం ఇంగ్లండు పంపేశారు. 1882లో తిరిగొచ్చి లాహోరులో పత్రికలో చేరాడు. ఇండియా అంటే ఆయనకి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. 1901లో వచ్చిన 'కిమ్' నవల చదివితే ఆ రోడ్లూ, ఆ జనం, ఆ వాసనలూ అన్నీ కళ్ళముందుకొస్తాయి. అదే మనిషి 1899లో 'వైట్ మ్యాన్స్ బర్డెన్' అనే పద్యం రాశాడు. తెల్లవాళ్ళు కానివాళ్ళని ఏలి ఉద్ధరించడం తెల్లవాడు మొయ్యాల్సిన బరువని అందులో సారాంశం.

ఇద్దరిదీ పరాయి దేశంలో బాల్యమే. మరి తేడా ఎక్కడొచ్చింది? కారణాలు చాలానే ఉండొచ్చు గానీ, నాకు కనిపించేది ఒకటుంది. ఒకడికి ఆ భాష చదువుగా వచ్చింది. ఇంకొకడికి సేవ చేసేవాళ్ళ నోటి నుంచి వచ్చింది. రెండో దాన్లోనూ ప్రేమ పుడుతుంది. కానీ అది పై మెట్టు మీద నుంచి కిందికి చూసే ప్రేమ. గౌరవం వేరే వస్తువు.

మూడో దారి కూడా ఉంది. బరాక్ ఒబామా 1967 నుంచి 1971 దాకా జకార్తాలో పెరిగాడు. ఇంటర్నేషనల్ స్కూలుకి పంపే స్తోమత ఇంట్లో లేక, స్థానిక పిల్లలతో కలిసి స్థానిక బడికే వెళ్ళాడు. తల్లి తెల్లవారుజామున లేపి ఇంగ్లీషు పాఠాలు చెప్పేది. ఇల్లు తన మూలాల్ని వదల్లేదు, బడి ఊరి పిల్లలతో సమానంగా కూర్చోబెట్టింది. అక్కడ ఒబామా దొరా కాదు, కస్టమరూ కాదు, క్లాసులో ఇంకో పిల్లాడు. అంతే.

ఇప్పుడు మన సంగతికొద్దాం. మనం విదేశం వెళ్తే ఏం చేస్తాం? మనవాళ్ళుండే అపార్టుమెంటే వెతుక్కుంటాం. శనివారం మనవాళ్ళింట్లో పార్టీ, ఆదివారం గుడి. అందులో తప్పేం లేదు, కొత్త చోట ఆ మాత్రం ఆసరా ఉండాలి. కానీ పిల్లాడు కలిసే ఆ దేశస్థుడు ఎవరు? షాపులో బిల్లు కొట్టేవాడు, పిజ్జా తెచ్చేవాడు. గల్ఫులో పదేళ్ళు పెరిగి ఒక్క అరబ్బు ఇంటి గుమ్మం కూడా ఎక్కని పిల్లలు ఎంతమంది లేరు? తిరిగి హైదరాబాదు రాగానే తాతగారింట్లో ముక్కు మూసుకునేది కూడా ఇలాంటి పిల్లలే. రెండు దేశాలు చూశారు, రెంటిలోనూ అతిథులే!

అంతెందుకు, పాస్‌పోర్టు అక్కర్లేని ఉదాహరణ బెంగళూరు. పదేళ్ళ బట్టీ అక్కడే ఉంటూ "కన్నడ గొత్తిల్ల" దగ్గరే ఆగిపోయిన తెలుగువాళ్ళు ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు. వాళ్ళ పిల్లలకి వచ్చే కాస్త కన్నడమూ పనిమనిషి దగ్గరా, ఆటో అతని దగ్గరా నేర్చుకున్నదే. అంటే కిప్లింగ్ పద్ధతి. అదే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగువాళ్ళని కదిపి చూడండి. బెంగాలీ మాస్టారి గురించి చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది. వాళ్ళు విదేశం వెళ్ళలేదు, విమానం ఎక్కలేదు. వాళ్ళకి బెంగాలీ గురువు దొరికాడు.

అందుకే ఏ ఊరికి ట్రాన్స్‌ఫరైనా, స్కూలు ర్యాంకులూ, ఇంటద్దెలూ చూసుకున్నాక ఇంకొక్క పని చేస్తే బావుంటుందంటాను. ఆ ఊరివాళ్ళలో ఒక్కరినైనా పిల్లలకి గురుస్థానంలో చూపించండి. ఫుట్‌బాల్ కోచ్ కావచ్చు, సంగీతం టీచరు కావచ్చు, వాళ్ళ వంట నేర్పే పక్కింటి ముసలమ్మ కావచ్చు. పిల్లాడు తప్పు చేస్తే దిద్దే హక్కు ఆ మనిషికి ఉండాలి. పనిలో పనిగా ఇంటి పనికొచ్చే ఆవిణ్ణి పిల్లలు "అమ్మా" అనో "అక్కా" అనో పిలిచి, ఆవిడ ఒక మాట దిద్దితే విని నేర్చుకునేలా చూస్తే, కిప్లింగ్ పద్ధతి కూడా సగం బాగుపడుతుంది.

ఎన్ని దేశాలు చూశాడన్నది పాస్‌పోర్టు చెబుతుంది. ఎవరి ముందు తలొంచి నేర్చుకున్నాడన్నది మాత్రం, పెద్దయ్యాక వాడు ఎదుటి మనిషితో మాట్లాడే తీరు చెబుతుంది.