హిజ్ర్ లోయ వాకిట

జనవరి మాసంలో రెండు రోజుల సెలవు దొరికింది. మదీనాలో ఫజ్ర్ నమాజు ముగించుకొని, మిత్రుని కారులో ఉత్తర దిశగా బయలుదేరాము. అతడిది కడప జిల్లా. నాలాగే ఉపాధి కోసం ఈ దేశం వచ్చినవాడు. మా గమ్యం మూడు వందలకు పైగా కిలోమీటర్ల దూరంలోని అల్ ఉలా, దానికి చేరువలో ఉన్న హిజ్ర్.

ముందటి రాత్రి మా ఆవిడ ఫోనులో ఒక మాట అడిగింది. ఊళ్లో కడుతున్న ఇంటికి గుమ్మం పైన పాలరాతి పలక అమర్చాలి. దానిపై ఏ పేరు చెక్కించాలని మేస్త్రీ అడుగుతున్నాడట. ఆలోచించి చెబుతానన్నాను.

ఎడారి అనగానే మనకు ఇసుక దిబ్బలు స్ఫురిస్తాయి. ఈ దారి అలాంటిది కాదు. ఖైబర్ పరిసరాలలో కనుచూపు మేర నల్లని రాళ్లే. పూర్వం అగ్నిపర్వతాలు వెళ్లగక్కిన లావా గడ్డకట్టి ఏర్పడిన నేల అది. అల్ ఉలా దగ్గరపడేకొద్దీ నలుపు తొలగి, ఎర్రని ఇసుకరాతి కొండలు ఎదురవుతాయి. చలికి కారు అద్దాలు ఎత్తుకొని, ఫ్లాస్కులోని సులేమానీ చాయ్ తాగుతూ సాగాము. హిజ్రీ 9వ సంవత్సరంలో మహాప్రవక్త ముహమ్మద్ (స) తబూక్‌కు వెళ్లింది హిజ్ర్ మీదుగానే. అది మండు వేసవి. ఒంటెలు చాలక సహచరులు వంతులవారీగా ఎక్కి ప్రయాణించారు. ఆ మాట తలపుకు రాగానే మా సౌఖ్యం మాకే సిగ్గు కలిగించింది.

హిజ్ర్ సమూద్ జాతి నివసించిన చోటు. కొండలను తొలిచి ఇళ్లు నిర్మించుకున్న ఆ జాతి వద్దకు అల్లాహ్ సాలిహ్ ప్రవక్త (అ)ను పంపాడు. సూచనగా వచ్చిన ఒంటెకు నీటిలో ఒక రోజు వంతు, వారికి ఒక రోజు వంతు నిర్ణయమైంది. ఆ పంపకాన్ని వారు సహించలేక ఒంటెను చంపారు, నాశనమయ్యారు. మహాప్రవక్త (స) ఈ లోయను దాటేటప్పుడు తల కప్పుకొని వేగంగా సాగారనీ, ఆ దుర్మార్గుల నివాసాలలోకి ఏడుస్తూ తప్ప ప్రవేశించవద్దని సహచరులను హెచ్చరించారనీ హదీసులు తెలుపుతున్నాయి. అక్కడి బావుల నీటితో పిండి కలిపినవారిని, ఆ పిండిని ఒంటెలకు పెట్టి, సాలిహ్ (అ) ఒంటె తాగిన బావి నుండే నీళ్లు తోడుకోమన్నారు.

సందర్శకుల బస్సు ఎక్కవలసిన చోట మిత్రుడు ఆగిపోయాడు.

“మీరు వెళ్లి రండి భాయ్. నేను ఇక్కడే ఉంటాను.”

“ఇంత దూరం వచ్చి ఆగిపోతావా?”

“ఏడుస్తూ తప్ప వెళ్లవద్దన్నారు కదా. నాకు ఏడుపు వస్తుందన్న నమ్మకం లేదు.”

ఇప్పుడు కనిపించేవి సమూద్ ఇళ్లు కావని, నబాతీయుల సమాధులని పురాతత్వ శాస్త్రజ్ఞులు చెబుతున్నారని వాదించాను.

“కావచ్చు. లోయ అదే కదా!” అన్నాడు శాంతంగా.

నేను ఒంటరిగానే వెళ్లాను. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ చోట 111 పెద్ద సమాధులున్నాయి. వాటిలో 94 శిల్పాలంకరణ గలవి. కొన్నింటి గుమ్మాలపై సుమారు రెండు వేల ఏళ్ల నాటి శాసనాలున్నాయి. ఈ సమాధి ఎవరిది, ఇందులో ఎవరిని పూడ్చవచ్చు, దీన్ని అమ్మినవాడు ఎంత జరిమానా చెల్లించాలి – ఇవీ వాటిలోని విషయాలు. ఆ హక్కుదారులెవరూ ఇప్పుడు లేరు. గదులు ఖాళీగా ఉన్నాయి.

చివరకు ఖస్ర్ అల్ ఫరీద్ ముందు నిలిచాను. ఒంటరి శిలను పైనుండి కిందికి చెక్కుతూ వచ్చారు. పైభాగం నునుపు తేలింది, కింది భాగం మొరటుగానే మిగిలిపోయింది. పని మధ్యలోనే ఆగింది. ఫోటో కోసం ఎత్తిన ఫోను దించేశాను. మా ఇంటి సగం కట్టిన మేడ, పేరు కోసం ఎదురుచూస్తున్న పాలరాయి కళ్లముందు నిలిచాయి.

తిరిగి వచ్చేసరికి మిత్రుడు కారులో కూర్చొని సూరా అల్ హిజ్ర్ పారాయణం చేస్తున్నాడు. “ఏడ్చారా భాయ్?” అని అడిగాడు.

“లేదు. కానీ భయమేసింది” అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు. ఇద్దరమూ అస్ర్ నమాజును ఖస్ర్‌గా రెండు రకాతులు చేశాము.

ఆ రాత్రి చలిలో ఇంటికి ఫోను చేశాను. “పలకపై పేరేమీ వద్దు. ఆ డబ్బుతో గుమ్మం బయట దారిన పోయేవారికి ఒక నీటి కుళాయి పెట్టించు. కింద పశువులు తాగడానికి చిన్న తొట్టి కూడా కట్టించు” అని చెప్పాను.

మా ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, “మేస్త్రీతో రేపే చెబుతాను, ఇన్షా అల్లాహ్” అంది.