సారు చేసిన ఆటల డిస్కు

సుపీరియర్ సాఫ్ట్‌వేర్ అనే ఇంగ్లిష్ కంపెనీ 1987లో ‘ప్లే ఇట్ అగైన్ శామ్’ పేరుతో ఒక ఆటల సంపుటి తెచ్చింది. అప్పటిదాకా విడివిడిగా అమ్ముడుపోయిన సిటడెల్, థ్రస్ట్, స్ట్రైకర్స్ రన్, రేవెన్‌స్కల్ ఆటలను ఒకే డబ్బాలో పెట్టి, బీబీసీ మైక్రో ఉన్న ఇళ్ల కోసం అమ్మింది. గిరాకీ బాగుండడంతో ఆ వరసలో ఇంకా చాలా సంపుటాలు వచ్చాయి. నేనుండే కేంబ్రిడ్జిలో పాత సామాన్ల సంతల్లో ఆ డబ్బాలు ఇప్పటికీ కంటబడతాయి. చూసినప్పుడల్లా నాకు పాలమూరులో మా సారు చేసిన డిస్కు గుర్తొస్తుంది. దానికి డబ్బా లేదు, ధర లేదు. లోకంలో అది ఒక్కటే ఉండేది.

బీబీసీ మైక్రో పుట్టింది ఈ కేంబ్రిడ్జిలోనే. ఏకార్న్ అనే చిన్న కంపెనీ దాన్ని 1981 చివర్లో బయటికి తెచ్చింది. 1984లో భారత ప్రభుత్వం బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పాలని ‘క్లాస్’ పథకం పెట్టి, తొలి విడతలో సుమారు 250 బడులకు ఇచ్చింది ఈ యంత్రాన్నే. తర్వాత పథకం ఇంకా చాలా బడులకు పాకింది. మాది నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె. నేను హాస్టల్లో ఉండి చదువుకున్న బడికీ ఈ యంత్రాలు అలాగే చేరాయి. గదికి తాళం, కిటికీలకు పరదాలు, గడప బయట మా చెప్పుల కుప్ప. కరెంటు ఉన్నంతసేపే పాఠం.

డిస్కు అంటే అయిదుంపావు అంగుళాల నల్లటి ఫ్లాపీ. పట్టుకుంటే వంగేది. అంచున ఉన్న గాటు మీద సారు వెండిరంగు కాగితం అంటించేవారు, ఎవరమూ పొరపాటున చెరిపేయకుండా. షిఫ్ట్ నొక్కిపట్టి బ్రేక్ మీట కొడితే డ్రైవు గరగరమని తిరిగి తెర మీద జాబితా వచ్చేది. మామూలు డిస్కు ఒక వైపు పట్టేది 100 కిలోబైట్లు, ఫైళ్లు 31కి మించకూడదు, పేరు ఏడు అక్షరాలు దాటకూడదు. ఇన్ని షరతుల మధ్య ఏ ఆట ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది సారు ఒక్కరే తేల్చుకోవాలి. పట్నంలో శిక్షణకు పోయినప్పుడు తోటి సార్ల దగ్గర కాపీ చేసుకొచ్చేవారు. డ్రైవు ఒక్కటే ఉంటే పాత డిస్కు పెట్టాలి, తీయాలి, కొత్తది పెట్టాలి, మళ్లీ పాతది. ఒక ఆట కోసం ఎన్నిసార్లు అలా మార్చారో! ఆ ఓపికకు నేనిప్పటికీ దండం పెడతాను.

అందులో రెప్టన్ ఉండేది. వజ్రాలు ఏరుకుంటూ, మీద పడే బండరాళ్లు తప్పించుకుంటూ పోవాలి. తొందరపడితే మన దారిని మనమే మూసుకుంటాం. ఒకరు ఆడితే పదిమంది వెనక నిలబడి దారి చెప్పేవాళ్లం. అయితే నేనిక్కడ చెప్పదలచుకున్నది రెప్టన్ సంగతి కాదు, జాబితాలో దాని కింద ఉన్న ఆట సంగతి. అది సారు స్వయంగా రాసింది. పైనుంచి తెలుగు అక్షరాలు రాలుతుంటాయి, అడుగున ఉన్న గుణింతంతో జత కలపాలి.

ఆ యంత్రానికి తెలుగు రాదు. కానీ ఎనిమిది గడుల పొడవు, ఎనిమిది గడుల వెడల్పుతో మన అక్షరాన్ని మనమే గీసుకునే ఆదేశం ఒకటి బీబీసీ బేసిక్‌లో ఉంది. వరసకో అంకె చొప్పున ఎనిమిది అంకెలిస్తే ఒక బొమ్మ. సారు లెక్కల గ్రాఫు పుస్తకంలో పెన్సిలుతో గడులు నింపేవారు. ‘ర’ ఒక చదరంలో సర్దుకుంది. ‘ఘ’ సర్దుకోలేదు, పక్కపక్కన రెండు చదరాలు కావాల్సి వచ్చింది. ‘క్షౌ’కి నాలుగు. నింపిన ప్రతి వరసను అంకెగా మార్చే పని మాకిచ్చేవారు. ద్విసంఖ్యామానం నాకు వంటబట్టింది అక్కడే, ఇవాళ ఈ ఊళ్లో చిప్పుల పని చేసుకుని బతుకుతున్నానంటే దాని పునాది ఆ గ్రాఫు పుస్తకమే.

రెప్టన్‌కు ఏ లోటూ రాదు. దాన్ని భద్రపరిచినవాళ్లు వేలమంది ఉన్నారు. ఇక్కడి కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో బీబీసీ మైక్రోలు వరసగా పెట్టి బడిపిల్లలతో ఆడిస్తారు కూడా. మన సార్లు రాసిన ఆటలను మాత్రం మనమే దాచుకోవాలి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు పాత బడుల్లో, రిటైరైన సార్ల ఇళ్లలో ఇనుప బీరువా తెరిస్తే అలాంటి డిస్కు దొరకవచ్చు. దయచేసి పారేయకండి. బూజు పట్టినదాన్ని డ్రైవులో పెట్టకండి, అయస్కాంతపు పూత గీరుకుపోతుంది. కాగితం కవరులో, స్పీకర్లకు దూరంగా ఉంచండి. గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది, పాత ఫ్లాపీ డ్రైవుకు తగిలిస్తే డిస్కు మీది సంకేతాలను ఉన్నవి ఉన్నట్టు ఈనాటి కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ఖర్చు పెద్దగా ఉండదు, నేర్చుకోవడం కష్టమూ కాదు. డిస్కు అట్ట మీద చేతిరాత ఉంటే ముందు దాన్ని ఫొటో తీయండి. ఏ సారు, ఏ బడి అన్నది అక్కడే ఉంటుంది. ఏ ఏడాది అన్నదీ అంతే, బీబీసీ డిస్కు తనలో తేదీ రాసుకోదు.