మాటకు మూల్యమెంత?

మా ప్రాంతంలో రెండు పేటలున్నాయి. ఒకటి దిల్‌సుఖ్‌నగర్, రెండవది ఎల్.బి.నగర్. రెంటికీ మధ్య మెట్రో రైలులో పట్టుమని పది నిమిషాల ప్రయాణం లేదు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే వచ్చేస్తుంది. కాని పేర్ల విషయంలో మాత్రం వీటి మధ్య చాలా దూరమున్నది. దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖం. ఆ పేరుగల ఆసామీ భూముల మీద ఈ పేట వెలిసిందని పెద్దలు చెబుతారు. సాయంత్రం ఆరు గంటల వేళ అక్కడ రోడ్డు దాటి చూసినవారికి మనసుకూ సుఖం వుండదు, కాళ్ళకూ వుండదు. అయినా ఆ పేరు ఒకసారి వింటే మరచిపోలేము. ఎల్.బి.నగర్ సంగతి అలా కాదు. అది లాల్ బహదూర్ నగర్. దేశానికి ప్రధానమంత్రిగా వుంటూ 1966లో తాష్కెంటులో కన్నుమూసిన శాస్త్రిగారి పేరు. ఆ మహానుభావుణ్ణి మనం రెండక్షరాలకు కుదించేశాము. మా క్లాసులో అడిగితే ఎల్.బి. అంటే ఏమిటో నలుగురైదుగురు తప్ప చెప్పలేకపోయారు.

అర్థమున్న పేరుకూ, ఉత్త అక్షరాల పేరుకూ ఇదే తేడా. మొదటిది తన్ను తాను చెప్పుకుంటుంది. రెండవదానికి పక్కన ఒకరు నిలబడి చెప్పాలి. ఇంత చిన్న తేడాకు ఈ రోజుల్లో లక్షలు, కోట్లు ధర పలుకుతున్నాయని నాకు ఒక శిష్యురాలి వల్ల తెలియవచ్చింది.

ఆ అమ్మాయి పన్నెండేళ్ళ క్రితం మా కాలేజీలో బి.ఏ. చదివింది. కొత్తపేటలో కాపురం. అత్తగారూ తానూ కలిసి ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతున్నారు. మొదట చుట్టుపక్కల ఫ్లాట్లవారు, తరువాత వారి అమెరికా పిల్లలు, ఆ పిల్లల స్నేహితులు. వ్యాపారం కుదురుకున్నది, ఇక వెబ్‌సైట్ పెట్టాలనుకున్నారు. దానికి పేరు కావాలి గదా! ఒక మంచి తెలుగు మాట అనుకున్నారు. అది ఏ మాటో ఇక్కడ రాయను. ఎవరి సరుకుకో నేను ప్రకటన చేయడమెందుకు? వంటింటి మాట; ‘త’ అక్షరంతో మొదలై వెంటనే దీర్ఘం వస్తుంది. వంట తెలిసిన పాఠకులు ఊహించుకోవచ్చు.

తీరా చూస్తే ఆ పేరు ఎవరో ఎప్పుడో తీసి పెట్టుకున్నారు. అందులో అంగడి లేదు, ఇల్లు లేదు. ‘ఈ పేరు అమ్మబడును’ అన్న బోర్డు మాత్రమున్నది. ధర రెండు లక్షల ఎనభై వేలు.

“చిట్టీ పాడితే ఆ డబ్బు వస్తుంది సార్. మాట విలువ మీకు తెలుసు గదా, కొనమంటారా వద్దంటారా, చెప్పండి” అని అడిగింది.

నాకు ముందు నవ్వు వచ్చింది, తరువాత ఏదో దిగులు వేసింది. ఎం.ఏ. తెలుగు చదివినవాడికి ఉద్యోగం దొరకడం గగనం. తెలుగు మాటకు మాత్రం రెండు లక్షల ఎనభై వేలు!

ఈ బేరం ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది అంకెలతో. మన ఫోను నంబర్ల వంటివే అవి. అంకెలు మనిషికి గుర్తుండవు. అందుకని 1983లో పాల్ మోకపెట్రిస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు అంకెలకు బదులు పేర్లు వాడుకునే పద్ధతి ఒకటి రూపొందించాడు. దాన్నే మనం డొమైన్ పేరు అంటున్నాము. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంపెనీ మొట్టమొదటి డాట్ కామ్ పేరు నమోదు చేసుకున్నది. ఆ తరువాత పదేళ్ళపాటు పేర్లు ఉచితం. అడిగినవాడికి అడిగిన మాట ఇచ్చేవారు. 1995లో రెండేళ్ళకు నూరు డాలర్లు రుసుము పెట్టారు. ఇప్పుడు ఎవరూ తీసుకోని మామూలు పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. ఎంత ధర పెట్టినా అది సొంతం కాదు సుమా, అద్దె మాత్రమే. గడువు తీరకముందే తిరిగి కట్టుకుంటూ వుండాలి.

నిబంధన ఒక్కటే: ముందు వచ్చినవాడిదే పేరు. మంచి మాటలన్నీ అలా ముందు మేలుకున్నవారి చేతికి పోయాయి. 1999లో ‘బిజినెస్’ అన్న మాట గల డాట్ కామ్ పేరు 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2019లో ‘వాయిస్’ అన్న ఒక్క మాటకు మూడు కోట్ల డాలర్లు ఇచ్చారు. మన రూపాయల్లో రెండు వందల కోట్ల పైమాటే.

ఇదంతా అమెరికా వైభోగం అనుకోకండి. మన దేశంలోనూ జరిగింది, అందులో మన హైదరాబాదుకు పాలున్నది. బొంబాయిలో రాజేశ్ జైన్ అనే ఆయన 1995లో ‘ఇండియా వరల్డ్’ ప్రారంభించాడు. ఆయన వెబ్‌సైట్లకు ఎంచుకున్న పేర్లు చూడండి: సమాచార్, ఖోజ్, ఖేల్, బావర్చీ. వార్త, వెతుకులాట, ఆట, వంటవాడు. చిన్నపిల్లవాడికి కూడా అర్థం చెప్పనక్కరలేదు. 1999 నవంబరులో మన సత్యం కంప్యూటర్స్ బిడ్డ అయిన సత్యం ఇన్ఫోవే సంస్థ వాటిని 499 కోట్ల రూపాయలకు కొన్నది. ఉత్త మాటలకే అంత డబ్బు ఇచ్చారని కాదు. వాటికి లక్షణంగా పాఠకులున్నారు. కాని ఆ పాఠకులు సులువుగా గుమ్మం దాకా రావడానికి ఆ మాటలు దోహదం చేశాయి.

మాటలో ఇంత ఆకర్షణ ఎక్కడినుంచి వచ్చింది? ఆవకాయ అన్న మాటను తీసుకోండి. దానికి ఏ కంపెనీ ప్రచారం చేయలేదు. ఏటా ఎండాకాలం మన అమ్మలూ అమ్మమ్మలూ ముక్కలు కొట్టించి, ఆవపిండి కలిపి, జాడీకి వాసెన కట్టి ఆ మాటకు రుచి పట్టించారు. ఆ మాట వింటే నోట్లో నీళ్ళు ఊరుతాయి. ఆ పేరు పెట్టుకున్నవాడికి ఇన్ని తరాల ప్రచారం చేతికి ఉచితంగా వస్తుంది. అమ్మేవాడు అడిగే ధర నిజానికి దానికే. అందులో అమ్మమ్మలకు మాత్రం కానీ రాదు. అయినా అతణ్ణి దొంగ అనలేము. మాటను అతడు కొనలేదు, ఆ మాట రాసిన గుమ్మాన్ని మాత్రం పట్టుకు కూర్చున్నాడు. ఆవకాయ అనవద్దని మనల్ని ఎవరూ శాసించలేరు గదా!

ఇంతవరకు లెక్క బాగానే వున్నది. చిక్కల్లా తెలుగు మాట దగ్గరే వస్తుంది. ఈ పేర్లలో మామూలుగా వాడేవి ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలు, పది అంకెలు, ఒక అడ్డగీత. వాటిలో మన దీర్ఘాలెక్కడ, మన ఒత్తులెక్కడ? ‘కె, ఎ, ఎల్, ఎ’ అని రాస్తే అది కల కావచ్చు, కళ కావచ్చు; హిందీవాడికి అది నలుపు. అమెరికాలోని తెలుగువారు 1998లో ‘ఈమాట’ అనే సాహిత్య పత్రిక పెట్టారు. వారు దీర్ఘాలను వదలలేక ‘ఇ’లు రెండు, ‘ఎమ్’ పక్కన ‘ఎ’లు రెండు పెట్టుకున్నారు. ఆంధ్రజ్యోతివారు తమ పేరు చివర ‘ఐ’ కాక ‘వై’ పెట్టుకున్నారు. ఎవరి పద్ధతి వారిది. ఎవరిదీ తప్పు కాదు, చిక్కంతా అక్కడే వున్నది.

మా శిష్యురాలితో ఈ చర్చ జరుగుతుండగా మా ఆవిడ బెండకాయలు తరుగుతూ వింటున్నది. “అంత ఆలోచనెందుకండీ? ఆ పేరు ఫోనులో నలుగురికి చెప్పి, ఇంగ్లీషులో రాసి పంపమనండి. ఎంతమంది సరిగా రాస్తే అంత ధర ఇమ్మనండి” అన్నది.

నిజంగానే ఫోను చేశాము. నల్లగొండలో మా వదిన ‘టి, హెచ్, ఎ’ అని మొదలుపెట్టింది. పక్కింటి ఇంటర్మీడియట్ కుర్రాడూ అంతే. విజయవాడలో మా తోడల్లుడు ‘టి, హెచ్’ రాసి ‘ఎ’లు రెండు వేశాడు. మా కాలేజీ ఇంగ్లీషు మాస్టారు ‘హెచ్’ తీసేసి ‘ఎ’లు రెండు వుంచారు. డల్లాసులోని మా మేనకోడలు ఒక్కతే అమ్మకానికున్న రీతిగా ‘టి, ఎ’ అని రాసింది. అయిదుగురు మనుషులు, నాలుగు రకాలు! సరిగా గుమ్మం చేరింది ఒక్కరు. మిగిలిన నలుగురు మరెవరి తలుపో తట్టేవారు. మరునాడు మా వదిన ఫోను చేసి “ఏం మరిదిగారూ, స్పెల్లింగు రాయించుకున్నారు, పచ్చడి ఎప్పుడు పంపుతారు?” అని నిలదీసింది.

అదే మాటను మన లిపిలో రాయమంటే అయిదుగురూ ఒక్కలాగే రాసేవారు. పలికినట్టు రాయడం మన లిపికున్న సౌఖ్యం. ఆ మార్గం కూడా లేకపోలేదు. తెలుగు లిపిలో చివర ‘భారత్’ అని వచ్చే పేర్లకు 2011లోనే ఆమోదం లభించింది. ప్రపంచంలో ఈ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థవారు 2016 నవంబరులో మన హైదరాబాదులోనే సమావేశమై వెళ్ళారు. కాని అలవాటు అనేది వున్నది చూశారూ! తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడానికి అలవాటుపడ్డ వేళ్ళు అంత త్వరగా మారవు. ఆ అలవాటు మారినరోజున మన మాటలకు నిండు విలువ వస్తుందని నా నమ్మకం. అందాకా మాట ధర ఇంగ్లీషులో పూర్తిగానూ, తెలుగులో పావలా వంతుగానూ వుంటుంది.

మరొక సంగతి కూడా మా శిష్యురాలికి చెప్పాను. సత్యం ఇన్ఫోవేవారు తమ పేరులోని అక్షరాలే తీసి ‘సిఫీ’ అని ఒక కొత్త మాట అల్లుకున్నారు. దానికి నిఘంటువులో అర్థం లేదు. బెంగుళూరులో మరొకరు ఇంచుమించు అదే పేరు పెట్టుకుంటే వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదు, వ్యాపార చిహ్నం వంటిదేనని 2004 మేలో కోర్టు తీర్పు చెప్పింది, సిఫీ గెలిచింది. అందరికీ తెలిసిన మాటను ‘నాది’ అని కోర్టులో నిలబెట్టడం కష్టం. మనం పుట్టించుకున్న మాటకు ఆ రక్షణ సులువు. అర్థమున్న మాట జనాన్ని తెస్తుంది. అల్లుకున్న మాట మనకు అంటిపెట్టుకుని వుంటుంది. ఒక్క పేరులోనే రెండూ దొరకడం అరుదు.

ఇక ‘సత్యం’ అన్న మాట సంగతే చూడండి. అంతకన్న గొప్ప మాట ఏ భాషలోనైనా వున్నదా? 1987లో హైదరాబాదులో మొదలైన కంపెనీ ఆ పేరుతో దేశదేశాల్లో వెలిగింది. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రామలింగరాజే, లెక్కల్లో లేని డబ్బు వున్నట్టు చూపామని లేఖ రాశాడు. అప్పటికే సిఫీకి దానితో సంబంధం తెగిపోయిందనుకోండి. 2013లో ఆ కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయి, పేరు కూడా మిగలలేదు. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అని మన పెద్దలు వూరికే అన్నారా? మంచి మాట మనిషిని ఒకసారి గుమ్మం దాకా తెస్తుంది. రెండవసారి రప్పించేది లోపల వున్న సరుకే.

అప్పుడు మా ఆవిడ లెక్క వేసింది. “కిలో పచ్చడికి ఖర్చులన్నీ పోను నీకెంత మిగులుతుందమ్మా?”

“వంద రూపాయలు మేడమ్.”

“అయితే ఆ పేరు ఖర్చు రాబట్టడానికి రెండువేల ఎనిమిది వందల కిలోలు అమ్మాలి. అంతవరకు నువ్వూ మీ అత్తగారూ ఆ పేరుగలాయన కోసం కారం దంచుతున్నట్టే.”

ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. వారం రోజుల తరువాత వచ్చి, వాళ్ళ అమ్మమ్మగారి ఇంటిపేరు ముందు చేర్చి ‘పచ్చళ్ళు’ అని పేరు నమోదు చేసుకున్నానని చెప్పింది. వెయ్యి రూపాయల లోపే అయింది. చిట్టీ డబ్బుతో పెద్ద గ్రైండరూ, ప్యాకెట్లకు సీలు వేసే యంత్రమూ కొన్నది. వ్యాపారం సాగుతున్నది. ఫోనులో మాత్రం పేరు రెండుసార్లు, స్పెల్లింగు ఒకసారి చెప్పవలసి వస్తున్నది. అలా చెప్పిన రోజున, “ఆ మాట వుండివుంటే ఈ బాధ వుండకపోను సార్” అంటుంది. కాదనను. అర్థమున్న మాట మీద మనిషికి మోజు పోదు. నాకు మాత్రం పోయిందా?

ఈ మధ్య చూస్తే ఆ పేరు ఇంకా అమ్మకానికే వున్నది. ధర లక్షా తొంభై వేలకు దిగింది. ఆ సంగతి చెబితే మా శిష్యురాలు కాసేపు ఆలోచించి, “ముందు ఈ మామిడికాయల రోజులు గడవనివ్వండి సార్” అన్నది.