దూడ అమ్మిన రోజు

మిర్చిలో నల్ల తామర పురుగు గురించి రాయమని చాలామంది అడిగారు, అది వచ్చే వారం రాస్తా. ఇవాళ పంట సంగతి కాదు, మన ఇళ్లలో మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు ఉండే పిల్లల సంగతి.

పోయిన నెల మా గేదెకి పుట్టిన దున్నదూడని అమ్మేశాం. మీకు తెలియంది కాదు, పెయ్యదూడైతే ఉంచుకుంటాం, దున్నని ఎన్నాళ్లని మేపుతాం? మా మనవరాలికి ఐదేళ్లు. రోజూ దానికి పచ్చగడ్డి తినిపించేది. సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే గుంజకి ఉత్త తాడే ఉంది. అంతే. పలక విసిరేసింది, వాళ్లమ్మని కొట్టింది, అన్నం ముట్టలేదు.

ఇంట్లో తలా ఒక మాట. మేతకి పోయింది వస్తుందిలే అని ఒకరు, ఏడిస్తే బూచోడికి పట్టిస్తానని ఒకరు, ఆ ఫోనేదో చేతికివ్వండి ఊరుకుంటుందని ఇంకొకరు. కాసేపు ఆగండర్రా అని, నేను ఆ గుంజ దగ్గరే పిల్ల పక్కన కూర్చున్నా. "దూడ లేదని బెంగగా ఉందా అమ్మా? చెప్పకుండా అమ్మేశారని కోపంగా కూడా ఉందా?" అన్నా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది చూడండి: "నేను గడ్డి సరిగ్గా పెట్టలేదని అమ్మేశావా తాతా?"

ఆ వయసు పిల్లలు ఏం జరిగినా తమ వల్లే జరిగిందనుకోవచ్చు. అమ్మానాన్న పోట్లాడుకున్నా, నాయనమ్మ పోయినా అంతే. మనం దాస్తే ఆ ఖాళీని వాళ్లే ఏదో ఒకటి ఊహించుకుని నింపుకుంటారు. "నీ వల్ల కాదమ్మా, దున్న పాలివ్వదు, దాని మేత మనకి భారం, అందుకని అమ్మాం, ఇక తిరిగి రాదు" అని ఉన్నదున్నట్టు చెప్పా. ఇంకో అరగంట ఏడ్చింది. ఏడవనిచ్చాం. రాత్రికి నాలుగు ముద్దలు పెరుగన్నం తింది. ఆ తర్వాత కూడా నాలుగైదు రోజులు అడుగుతూనే ఉంది, చెబుతూనే ఉన్నాం.

మనిషి మెదడులో నుదురు వెనక ఉండే భాగం పగ్గం లాంటిది. కోపాన్నీ తొందరనీ లాగి పట్టేది అదే. అది పూర్తిగా ముదిరేసరికి పాతికేళ్లు వస్తాయి. మూడేళ్లోడు నేల మీద పడి దొర్లుతుంటే పొగరనుకోకండి, వాడికి ఇంకా పగ్గం తయారవలేదు. అప్పుడు నీతులు చెప్పినా చెవికెక్కవు. ముందు ఆకలా, నిద్రా చూడండి. కొడుతుంటే చెయ్యి మెల్లగా పట్టుకుని "కోపం రావచ్చు, కొట్టకూడదు" అని ఒక్క మాట అనండి చాలు. కాస్త తేరుకున్నాక వేడి పాలు ఊదినట్టు నెమ్మదిగా ఊదమనండి. గాలి అలా నిదానంగా వదిలితే గుండె దడ తగ్గుతుంది. పెద్దాళ్లకీ పనిచేస్తుంది.

మనం అన్నిటికీ మారాం అనే ఒక్క పేరే పెడతాం గానీ, మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. అలిగిన పిల్లకి బతిమాలేవాళ్లు కావాలి. తమ్ముడు పుట్టాక బెంగ పెట్టుకున్నోడికి అమ్మ ఒళ్లో కాసేపు చోటు కావాలి. చొక్కా గుండీ పట్టక ఉక్రోషంతో ఏడ్చేవాడికి కాస్త చెయ్యి సాయం చాలు. జడుసుకున్న పిల్లకి బూచోడి పేరు చెప్పడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఏది ఏదో మనం పేరు పెట్టి చెబుతుంటే, కొన్నాళ్లకి వాళ్లే కొట్టడం మాని నోటితో చెబుతారు. ఫోనిస్తే ఏడుపు ఆగుతుంది నిజమే, ఈ మాటలు మాత్రం రావు.

యార్డులో రేటు పడిపోయి ఇంటికొచ్చిన రోజు మన మొహం పిల్లలు చూస్తూనే ఉంటారు. అప్పులాయన వాకిట్లో నిలబడి అరిచిన రోజు మరీను. "నాకు బాధగా ఉంది రా, నీ మీద కోపం కాదు" అని ఒక్క మాట చెబితే వాడికి ఎంత ధైర్యమో.

ఇంకోటి. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అనే మాట నాకు అస్సలు నచ్చదు. అప్పు సంగతి పెళ్లానికి కూడా చెప్పుకోలేక లోపల్లోపలే కుమిలిపోయిన మగాళ్లని మన ఊళ్లలో చూశాం. వాళ్లకి నాలుగేళ్లప్పుడు ఎవరో ఈ మాటే అని ఉంటారు.

పిల్లాడు వారాల తరబడి తిండి తగ్గించినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, మాట తగ్గినా అంగన్‌వాడీ టీచరుకి చెప్పండి, ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. 14416 టెలీ మానస్ నంబరు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. అది మనకీ పనికొస్తుంది, ఫోనులో వేసి పెట్టుకోండి.

తెలంగాణ అన్నలు దిగులుని రంది అంటారు, భలే మాట. మీ వైపు పిల్లల అలకకీ, బెంగకీ, జడుపుకీ ఏమంటారో కింద రాయండి, మా మనవరాలికి చెబుతా.