పీపా వాసన, లొట్టి వాసన

జనవరి ఎండ మెత్తగా ఉంది. పహాడీ షరీఫ్ మెట్లెక్కి బాబా షర్ఫుద్దీన్ దర్గా దర్శనం చేసుకుని, కొండ అంచున కాసేపు కూర్చున్నాం. శంషాబాద్ వైపు విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. అక్క తెచ్చుకున్న రుమాలు నా చేతిలో ఉంది. అందులో కట్టుకొచ్చిన గులాబీలు సమర్పించేశాం. అయినా ఆ బట్టను ముక్కు దగ్గర పెట్టుకుంటే గులాబీలు ఇంకా అందులోనే ఉన్నట్టుంది.

ఆ పూట రుచి చూడబోయే విస్కీల సంగతి అక్కడ ఎత్తలేదు. దర్గా ఛాయల్లో మందు మాట మాట్లాడకూడదని మా ఇంట్లో అందరికీ పట్టింపు. కొండ దిగి తుక్కుగూడ దగ్గర బావ వాళ్లింటికి చేరాకే పెట్టె విప్పాం. అక్కా బావా ఎడిన్‌బరోలో కూతురి దగ్గర నెల రోజులుండి వచ్చారు. విదేశాల నుంచి మనిషికి రెండు లీటర్లకు మించి సుంకం లేకుండా తేనివ్వరు కాబట్టి, ఇద్దరి వాటా కలిపి నాలుగు సీసాలు తెచ్చారు. నాలుగూ స్కాచ్ సింగిల్ మాల్టే. అంటే ఒకే డిస్టిలరీలో, బార్లీ మాల్టుతో మాత్రమే తీసినవి. వాటిలో మూడు ద్రాక్షసారా పీపాల్లో చివరి రోజులు గడిపినవి.

"ముందుగాల మామూలుది చూడు బామ్మర్ది, లేకుంటే తేడా ఎట్ల తెలుస్తది?" అన్నాడు బావ. గ్లెన్‌మొరంజీ ఒరిజినల్ పోశాడు. అమెరికాలో బర్బన్ నింపి ఖాళీ చేసిన ఓక్ పీపాల్లో పెరిగింది. వెనిలా, నారింజ తొక్క, లేత తేనె. అంత శుభ్రమైన రుచి నోట్లో ఉండగానే దాని తోబుట్టువు క్వింటా రూబన్ అందుకున్నాను. పదేళ్లు బర్బన్ పీపాలో, ఆపైన నాలుగేళ్లు పోర్చుగల్ పోర్ట్ వైన్ పీపాలో ఉంది. రంగు రాగి చెంబు లోపలి రంగు. నల్ల చాక్లెట్, పుదీనా. అయినా అడుగున ఆ నారింజ తొక్క చెక్కుచెదరలేదు. నాకు అన్నింటికన్నా నచ్చింది అదే: కొత్త చీర కట్టినా మనిషి అదే మనిషి.

1980లలో బాల్వెనీలో డేవిడ్ స్టువర్ట్, 1990లలో గ్లెన్‌మొరంజీలో బిల్ లమ్స్‌డెన్ ఇలా చివర్లో వేరే పీపాలోకి మార్చే పద్ధతికి దారి వేశారు. స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాలోనే, 700 లీటర్లకు మించని దానిలోనే, కనీసం మూడేళ్లు ఉండాలి. పీపా చెక్క లోపలి పొరల్లో పాత ద్రాక్షసారా ఇంకి ఉంటుంది. విస్కీ అందులోకి చొరబడి దాన్ని బయటికి లాక్కొస్తుంది. అక్కడి చలిలో ఏడాదికి సుమారు రెండు శాతమే ఆవిరైపోతుంది కాబట్టి ఇంత తీరికగా ఏళ్ల తరబడి నానబెట్టగలరు. మన ఎండకు ఆ తీరిక దొరకదు.

మూడోది గ్లెన్‌మొరంజీదే, నెక్టార్ డోర్. సోటెర్న్ పీపాలది. బూజు పట్టి తీపెక్కిన ద్రాక్షతో చేసే ఫ్రెంచి వైన్ అది. నిమ్మ, అల్లం, తేనె చాలా బాగున్నాయి.

చివరిది ఆరన్ దీవిది, అమరోనె పీపాది. ద్రాక్షను నెలల తరబడి ఆరబెట్టి చేసే ఇటలీ వైన్ అమరోనె. ఇందులో ఆల్కహాల్ యాభై శాతం, మొదటి గుటకే గట్టిగా తగిలింది. రెండు చుక్కల నీళ్లు కలిపాక లొంగింది. ఏం రుచో చెప్పలేక నేను తడుముకుంటుంటే అక్క గ్లాసు అందుకుని ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంది. "ఖుబానీ కా మీఠా లెక్క ఉందిరా" అంది. అదే! తర్వాత నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఒక వగరు. నా మటుకు నాకు ఇక్కడ పీపా మాటే ఎక్కువైంది, మాల్టు గొంతు వెనక్కి పోయింది. బావ ఒప్పుకోలేదు. రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం.

పొద్దున్నే మహేశ్వరం దారిలో ఈతకల్లు కోసం ఆగాం. గౌడన్న మోకుతో చెట్టు దిగి, నడుముకు వేలాడుతున్న లొట్టి విప్పాడు. నురుగు కింద తెల్లటి కల్లు, తీపీ పులుపూ సగం సగం. రాత్రి వాదన ఇంకా తలలో తిరుగుతోంది కాబట్టి, లొట్టి మారితే రుచి మారుతుందా అని అడిగాను.

"మారదా సార్! కొత్త లొట్టిల తొందరగ పులవది. పాతదైతే ఊకె నురుగొస్తది. నీరా కావాలంటే లోపల సున్నం పూస్తం, సున్నముంటే పులుపు రాదు."

లొట్టి చేతికిచ్చాడు. లోపలి గోడ వేలికి జిగటగా తగిలింది. ఎన్నాళ్ల కల్లో పట్టిన పొర అది, కొత్త నీరాను పులియబెట్టేదీ అదే. ఎడిన్‌బరో నుంచి మోసుకొచ్చిన సీసాల్లో రాత్రంతా నేను వెతికిన సంగతి ఈ మట్టికుండలో వేలికే అంటుకుంది. బావ వైపు చూశాను. అతను అప్పటికే రెండో దొప్ప పట్టాడు.

గౌడన్న లొట్టిని తలకిందులు చేశాడు. నీళ్లు ముట్టించలేదు. అడుగున కాస్త మడ్డి మిగిలుండగానే నడుముకు కట్టుకుని, పక్క చెట్టు మొదట్లో మోకు వేశాడు.