సూత్రధారి మాట

ఆటలాడించే అధ్యాపకుడికి స్టాఫ్‌రూములో లభించే గౌరవం ఎంతటిదో పాఠకులు ఊహించగలరు. శనివారం మధ్యాహ్నం తక్కినవారంతా ఎల్.బి.నగర్ బస్సు కోసం రోడ్డు మీదికి నడుస్తూ ఉంటే, నేను మాత్రం అయిదుగురు విద్యార్థులను పొడవాటి బల్ల చుట్టూ కూర్చుండబెట్టుకొని, "రాత్రి అయింది. సరాయి తలుపులు మూసేశారు. మీ బండిలో ఉండవలసిన పెట్టె లేదు. ఇప్పుడేం చేస్తారు?" అని అడుగుతూ ఉంటాను. తెలుగు మేష్టారు నాటకం రిహార్సలు చేయిస్తున్నారని ఒక మిత్రుడు ప్రిన్సిపాలుగారికి చెప్పాడట. నాటకమే అయితే చిక్కు లేదు. నాటకానికి వ్రాతప్రతి ఉంటుంది.

ఇది అమెరికాలో పుట్టిన ఆట. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే పేరుతో మూడు చిన్న పుస్తకాలుగా దీనిని ప్రకటించారు. దీని పూర్వీకులు ఇంకా వెనుక ఉన్నారు. 1824లో ప్రష్యా సైన్యాధికారులకు యుద్ధవిద్య నేర్పడానికి వెలువడిన క్రీగ్‌స్పీల్ అనే బల్లమీది క్రీడ వారిలో ఒకటి. ఆట తీరు చెప్పడం సులభం. ఒకరు లోకాన్ని వర్ణిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, "నేను తలుపు తడతాను", "నేను గోడ దూకుతాను" అంటారు. ఫలితం సందేహాస్పదమైన చోట పాచిక నిర్ణయిస్తుంది. గెలుపోటములు లేవు, కథ ముందుకు నడవడమే ఆట. వర్ణించేవారిని అక్కడ డంజన్ మాస్టర్ అంటారు. నేను సూత్రధారి అన్నాను. ఉర్దూ మాధ్యమం పిల్లలు దాస్తాన్‌గో అన్నారు. మా కళాశాలలో రెండు పేర్లూ నిలిచాయి.

నిజానికి ఇటువంటిది మనకు బొత్తిగా కొత్త కాదు. ఉగాదికి భువనవిజయం పేరుతో సాహిత్య రూపకం ఆడని తెలుగు ఊరు అరుదు. ఉస్మానియాలో ఎం.ఏ. చదివే రోజుల్లో నేనూ ఒకమారు కిరీటం లేని తిమ్మనగా కూర్చున్నాను. రాయలవారు ఏమి అడుగుతారో ముందే తెలుసు గనుక నా పద్యం జేబులోనే ఉంది. అదే ఆ రూపకానికీ ఈ ఆటకూ ఉన్న భేదం. ఇక్కడ రాయలకే రేపేమిటో తెలియదు. ఆ విషయంలో ఇది అష్టావధానానికి దగ్గర. నమ్మనివారు మా బల్ల దగ్గరకు ఒక శనివారం రావచ్చు. అప్రస్తుత ప్రసంగం చేసే విద్యార్థి ప్రతి జట్టులోనూ ఒకడు తప్పక ఉంటాడు. పెట్టె పోయిందని అందరూ ఆందోళన పడుతుంటే, సరాయిలో రాత్రి భోజనానికి ఏమి వండారని అడుగుతాడు. మొదట విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు వాడికి వంటవాడితో మాట కలిపిస్తాను. పెట్టె సంగతి వంటవాడికే తెలిసి ఉంటుంది.

మొదటి సమావేశం ఘోరంగా విఫలమైంది. పాత్రకు ఉండవలసిన ఆరు గుణాలను బలం, చురుకుదనం, దారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అని తెలుగు చేసి, నల్లబల్ల మీద పట్టిక గీసి, గంటసేపు ఉపన్యసించాను. చందస్సు చెప్పిన పద్ధతే. ఫలితమూ అదే. ఒక విద్యార్థి ఆవలింతను దాచుకోవడానికి చేసిన ప్రయత్నం చూసి నాకే జాలి కలిగింది. తరువాతి వారం నియమాలన్నీ ఇంట్లో వదిలి వచ్చాను. అరఠావు కాగితం మీద పాత్ర పేరు, వృత్తి, బాగా చేతనైన పని ఒకటి, భయపడే సంగతి ఒకటి మాత్రమే వ్రాసి చేతికిచ్చి, పెట్టె పోయిన క్షణం నుంచే మొదలుపెట్టాను. అయిదు నిమిషాలలో ఇద్దరు పోట్లాడుకున్నారు. కొత్తవారికి ఈ ఆట నేర్పదలచినవారు దీనిని గమనించాలి. ఈతకు దిగినవాడికి ముందు నీళ్ళు తగలాలి, సిద్ధాంతం తరువాత.

రంగస్థలం వెదకడానికి దూరం పోనక్కరలేకపోయింది. అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా ఈనాడు మచిలీపట్నం వైపు సాగే రహదారి, గోల్కొండ నుంచి బందరు రేవుకు సాగిన పాత వర్తకపు బాటకు వారసురాలు. దారిలో హయత్‌నగరు ఉంది. ముహమ్మద్ కులీ కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరిట అక్కడ పదిహేడవ శతాబ్దపు మసీదు, దాని చుట్టూ బాటసారుల గదులు, చేరువలో హాతీ బావి ఉన్నాయి. మా మండలంలోనే 1996 నుంచి రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. అక్కడ రాజప్రాసాదాన్ని కట్టడానికి వడ్రంగులు, పెయింటర్లు కావాలి. మాకు సుద్దముక్కతో గీసిన నాలుగు గీతలు చాలు. బల్ల మధ్య మసీదు, చుట్టూ గదులు, మూల బావి. పాత్రలను ఆ బాట మీదనే ఏరుకున్నాము: కొల్లూరు గని నుంచి వజ్రాలు తెచ్చే వర్తకుని గుమాస్తా, ఒక హకీము, ఉప్పు మోసే ఎద్దులను తోలే బంజారా స్త్రీ, బండివాడు, ఒక ద్విభాషి.

ఇంతలో పాచికల వివాదం వచ్చింది. ఒక విద్యార్థి తండ్రి వచ్చి, ఎంతో మర్యాదగా కూర్చొని, "లెక్చరర్ సాబ్, పిల్లలు ఏ కథయినా చెప్పుకోనీయండి. పాచికలు మాత్రం వద్దు. హదీసులో నర్ద్ ఆటను గురించి ఏమన్నారో మీకు తెలియనిది కాదు" అన్నాడు. పందెం లేదు గదా అని వాదించవచ్చు. వాదించలేదు. మా తాతగారి ఇంట్లోనూ పాచికలు ఉండేవి కావు. పైగా సభాపర్వం పాఠం చెప్పే మేష్టారికి పాచికల పట్ల గౌరవం ఉండటానికీ వీలు లేదు. 1 నుంచి 20 వరకు అంకెలు వేసిన చీటీలను ఒక చాయ్ డబ్బాలో వేసి కలిపాను. అమెరికాలో కూడా 1979లో పాచికల కొరత ఏర్పడి, ఆట పెట్టెలలో అంకెల అట్టముక్కలను పెట్టి అమ్మారని తరువాత చదివి సంతోషించాను.

అసలు చెప్పదలచింది ఇకమీదిది. చెప్పకుండా దాటవేద్దామని కూడా అనుకున్నాను.

ద్విభాషి పాత్రను నేను కావాలనే ఒక ఉర్దూ మాధ్యమం విద్యార్థినికి ఇచ్చాను. తెలుగు తరగతిలో ఏడాదిగా ఆమె నోరు విప్పగా నేను వినలేదు. పరీక్షలో తప్పులు లేకుండా వ్రాస్తుంది, అడిగితే మాత్రం తల వంచుకుంటుంది. కుతుబ్‌షాహీల ఫర్మానాలు పారశీకంలోనూ తెలుగులోనూ వెలువడేవనీ, ద్విభాషి లేనిదే బందరు వర్తకం సాగేది కాదనీ చెప్పి ఒప్పించాను. బల్ల దగ్గర ఆమె మెల్లగా మొదలుపెట్టింది. గుమాస్తా తెలుగును హకీముకు దక్కనీలో, హకీము మాటను బంజారా స్త్రీకి తెలుగులో. రెండవ శనివారానికి తక్కినవారు ఆమె ముఖం చూడకుండా ఏ పనీ చేయని స్థితి వచ్చింది. హకీము నీతులు చెప్పబోతే అనువాదంలో సగం తగ్గించింది కూడా. నేను లోలోపల ఎంతో గర్వపడ్డాను. ఉపాధ్యాయులకు ఆ గర్వం మంచిది కాదు.

మూడవ వారం రాత్రి కాపలావాడిని తలుపు తీయమని ఒప్పించవలసి వచ్చింది. ఆమె లేచి నిలబడి, తడబడకుండా నాలుగు వాక్యాలు తెలుగులో చెప్పింది. 12 దాటితే తలుపు తెరుచుకుంటుంది. చీటీ తీసింది: 3. నేను సూత్రధారి ఠీవితో, "కాపలావాడికి నీ తెలుగు అర్థం కాలేదు" అన్నాను.

బల్ల చుట్టూ నవ్వు లేచింది. చెడ్డ నవ్వేమీ కాదు, ఆటలో నవ్వే. ఆమె కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టి కూర్చుంది. సమావేశం ముగిసేవరకు మాట్లాడలేదు. తరువాతి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

నియమం ప్రకారం నేను చేసినదానిలో తప్పు లేదు. చీటీ తలుపు తెరవవద్దంది, తెరవలేదు. కాని ఎందుకు తెరుచుకోలేదన్నది చీటీ మీద వ్రాసి లేదు. కాపలావాడు చెవిటివాడు కావచ్చు, తాళంచెవి పోగొట్టుకొని ఉండవచ్చు, అప్పుడే గాలివాన లేవవచ్చు. ఇన్ని దారులుండగా నా నాలుక ఆమెకు ఏడాదిగా ఎక్కడ నొప్పి ఉందో సరిగ్గా అక్కడికే పోయింది. పుస్తకాలలో వెదికితే అనుభవజ్ఞులు ఈ సంగతిని ముందే హెచ్చరించి ఉన్నారు. కొత్త ఆటగాడు ఓడినప్పుడు అడ్డంకి గట్టిదని చెప్పాలి గాని మనిషి చేతగానివాడని చెప్పకూడదట. నేను నియమాల అధ్యాయాలు చదివి, ఈ పుటలను తిప్పేశాను.

వరండాలో కనబడినప్పుడు, "చీటీలో 3 వచ్చిందమ్మా, నేనేం చేయను" అని నవ్వించబోయాను. ఆమె తల వంచుకునే, కాని స్పష్టమైన తెలుగులో, "చీటీ మూడు అన్నది సార్. తెలుగు సంగతి మీరన్నారు" అంది. అంతకు మించి ఆమె నన్ను నిందించలేదు. నేను క్షమాపణ చెప్పిన మాట నిజమే గాని, వరండాలో చెప్పిన క్షమాపణకు విలువ తక్కువ. నవ్వు లేచింది బల్ల దగ్గర గనుక, ఆ శనివారం అక్కడే, నలుగురి ఎదుట, నా వర్ణన తప్పని ఒప్పుకున్నాను. ఆమె ఆ రోజు కూడా లేదు. మిత్రురాలి ద్వారా విని ఉంటుంది.

నెల తరువాత వచ్చింది. ఆడటానికి కాదు. గోడవారగా కూర్చొని రెండు వారాలు చూసింది. ఆ పైన, మొదటి సంవత్సరం పిల్లలకు తాను ఆడించవచ్చునా అని అడిగింది. చాయ్ డబ్బా చేతికిచ్చాను. తన పద్ధతి తనది. ఉమ్రో అయ్యార్ జంబీల్ లాంటి సంచీ ఒకటి సరాయిలోకి తెచ్చిపెట్టింది. ఒక వాక్యం ఉర్దూలో, ఒక వాక్యం తెలుగులో నడుపుతుంది. అర్థం కానివారికి పక్కవారే చెప్పుకోవాలి. నా ఆటలో ఒక్కరే ద్విభాషి. ఆమె ఆటలో అందరూ.

మొన్న ఒక పిల్లవాడు రాకపోవడం వల్ల జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. నన్ను కూర్చోమన్నారు. బండివాడి కాగితం నాకు వచ్చింది. తెల్లవారకముందే బండి కట్టి సరాయి దాటాలి. మంచి వర్తకపు తెలుగులో ఎద్దును అదిలించి, డబ్బాలో చేయి పెట్టాను. 2 వచ్చింది. పిల్లలంతా నా వైపు చూశారు, నేను ఆమె వైపు చూశాను.

ఆమె చీటీని వెనక్కు తీసుకొని డబ్బాలో వేసి, కొంతసేపు ఆలోచించింది. "రాత్రి వాన పడింది. చక్రం బురదలో దిగింది. ఎద్దు మంచిదే, బండివాడూ మంచివాడే. ఎవరైనా దిగి తోయాలి" అంది.

హకీము దిగాడు. బంజారా స్త్రీ దిగింది. భోజనం సంగతి అడిగే కుర్రవాడు మాత్రం బండిలోనే కూర్చుంటానన్నాడు. చక్రం ఇంకా కదలలేదు. ఇంతలో ఎల్.బి.నగర్ బస్సు వేళయిందని బంట్రోతు వచ్చి చెప్పాడు.